విప్లవకాలపు తాత్కాలిక నాణేలను సేకరించడం: నెల్లూరు నుంచి మొదలుపెట్టేవారికి

విప్లవకాలంలో అచ్చయిన తాత్కాలిక నాణేలను సేకరించాలనుకునేవారు అన్నిటికన్నా ముందు గ్రాములో నూరో వంతు వరకు తూచగల చిన్న కాటా కొనుక్కోవాలి. నేను ఆ పని చేయకుండానే నాణెం కొన్నాను. మెక్సికో విప్లవం నాటి వెండి పెసో అని చెప్పి ఒక వ్యాపారి అమ్మిన నాణేన్ని తీసుకుని, నెల్లూరు ఆచారి వీధిలో మా ఇంటికి నగలు చేసిపెట్టే కుటుంబంలోని పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గీటురాయి తీయలేదు. నాణేన్ని అరచేతిలో రెండుమార్లు ఎగరేసి పట్టుకుని, "ఇది వెండి కాదు నాయనా, జర్మన్ సిల్వర్. గీసి చూపించమంటే చూపిస్తా. ఒకవేళ నా మాట తప్పయి ఇది అసలు నాణెమే అయితే, గీత పడ్డాక దీన్ని ఎవరు కొంటారు?" అన్నారు. జర్మన్ సిల్వర్ అంటే పేరులోనే వెండి, నిజానికి అది రాగి, నికెల్, జింకు కలిసిన లోహం. తర్వాత గ్లాసుడు నీళ్లు తెప్పించి, నాణేనికి దారం కట్టి, ఒక్క గీత కూడా పడకుండా లోహాన్ని ఎలా తేల్చాలో చూపించారు. ఇక్కడ చెప్పబోయే దానిలో ముఖ్యమైన భాగం ఆ రోజు ఆయన నేర్పినదే. మిగిలినది ఆ తర్వాత చదివి, తూచి, పోల్చి తెలుసుకున్నది.

తాత్కాలిక నాణెం అంటే ఏమిటి

తిరుగుబాటు లేచి, రాజధానికీ రాష్ట్రాలకూ మధ్య రైళ్లు ఆగిపోయి, జనం తమ దగ్గరున్న వెండిని గోతుల్లోనూ గోడల్లోనూ దాచుకున్నప్పుడు బజారులో చిల్లర కనబడకుండా పోతుంది. సైనికుడికి జీతం ఇవ్వాలి, గుర్రానికి మేత కొనాలి, సంతలో జొన్నలు అమ్మేవారికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. అప్పుడు ఆ ప్రాంతం ఎవరి చేతిలో ఉంటే వారు, సేనాని అయినా రాష్ట్ర ప్రభుత్వమైనా, దొరికిన లోహంతో, దొరికిన పనిముట్లతో నాణేలు కొట్టిస్తారు. గెలిచాక వీటిని అసలు డబ్బుతో మారుస్తామన్న హామీ వాటి వెనుక ఉంటుంది. ఆ హామీయే వాటిని మామూలు నాణేల నుంచి వేరుచేస్తుంది.

ఈ హామీ ఎంత స్పష్టంగా ఉండవచ్చో 1689, 1690 సంవత్సరాలలో ఐర్లండులో రెండవ జేమ్స్ రాజు వేయించిన నాణేలు చూపిస్తాయి. ఇంగ్లండు సింహాసనం పోగొట్టుకున్న ఆ రాజు తన సేనకు జీతాలివ్వడానికి పాత ఫిరంగులను, గంటలను, వంటపాత్రలను కరిగించి వెండి విలువ గల నాణేలుగా చెలామణిలో పెట్టాడు. గెలిచిన తర్వాత వరుసగా మార్చి ఇవ్వడానికి వీలుగా వాటి మీద సంవత్సరంతో పాటు నెల పేరు కూడా అచ్చు వేయించాడు. 1690 జూలైలో బోయిన్ నది ఒడ్డున ఆయన ఓడిపోవడంతో ఆ నాణేల విలువను కొత్త ప్రభుత్వం వాటిలోని లోహం విలువకు దించేసింది. ఇప్పుడు సేకర్తలు ఆ నాణేలను నెలల వరుసలో కూర్చుకుంటారు. అక్కడ ఒక చిక్కు ఉంది. ఆనాటి ఇంగ్లీషు కాలమానంలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, ఒకే మార్చి నెలలో అచ్చయిన నాణేల మీద 1689, 1690 రెండూ కనిపిస్తాయి. నెల, సంవత్సరం మాత్రమే చూసి వరుస కట్టిన కొత్తవారు ఇక్కడ తప్పకుండా పొరబడతారు.

మెక్సికో స్వాతంత్ర్య యుద్ధంలో హోసే మరీయా మొరేలోస్ 1811 నుంచి 1814 వరకు వెండి విలువ రాసిన రాగి నాణేలను వేయించి, విజయం తర్వాత వెండి ఇస్తామని మాట ఇచ్చాడు. వాటి మీద విల్లు, బాణం, దక్షిణం అనే అర్థమిచ్చే మూడక్షరాల స్పానిష్ మాట ఉంటాయి. ఫ్రెంచి విప్లవం చర్చి గంటల లోహాన్ని చిల్లర నాణేలుగా మార్చింది. చైనాలో 1930 దశకంలో సోవియట్ ప్రాంతాలు సుత్తి కొడవలి గుర్తుతో రాగి, వెండి నాణేలను వేశాయి. ఇవన్నీ ఆకర్షించేవే. అయితే అన్నిటినీ కొంచెం కొంచెంగా పోగుచేసినవారి పెట్టె చూస్తే దానిలో ఏ ఒక్క కథా పూర్తిగా కనిపించదు. ఒక విప్లవాన్ని, వీలైతే అందులో ఒకే రాష్ట్రాన్ని ఎంచుకోమని నా సలహా. ధర, లభ్యత, వైవిధ్యం మూడూ చూస్తే మొదటిసారి మొదలుపెట్టేవారికి 1913 నుంచి 1917 వరకు మెక్సికోలో వచ్చిన నాణేలు అనువైనవి కాబట్టి, ఇక ముందంతా వాటి గురించే చెబుతాను.

మెక్సికోలో ఎవరు, ఎక్కడ, ఏ లోహంతో

1910 నవంబరులో ఫ్రాన్సిస్కో మడేరో పిలుపుతో మొదలైన విప్లవం పోర్ఫీరియో డియాజ్‌ను 1911లో గద్దె దింపింది. 1913 ఫిబ్రవరిలో మడేరోను చంపించి సేనాధిపతి విక్టోరియానో హువెర్తా అధికారం పట్టుకున్నాడు. ఆయనకు ఎదురుగా ఉత్తరాన వెనుస్తియానో కర్రాంజా, పాంచో విల్లా, దక్షిణాన ఎమిలియానో జపాటా నిలబడ్డారు. 1914 జూలైలో హువెర్తా వెళ్లిపోయాక గెలిచినవారిలోనే చీలిక వచ్చి, కర్రాంజా ఒకవైపు, విల్లా, జపాటా మరోవైపు అయ్యారు. ఈ నాలుగు వాక్యాలు కంఠస్థం కాకుండా ఒక్క నాణేన్ని కూడా సరిగా చదవలేము. ఎందుకంటే ఏ సేన పేరు నాణెం మీద ఉందో, ఎవరిని తిట్టిందో చూస్తే దాని కాలం చాలావరకు తెలిసిపోతుంది.

దురాంగో రాష్ట్రంలోని క్వెన్కమే ఊరిలో 1914లో సేనానులు కాలిక్స్తో కొంత్రెరాస్, సెవెరీనో సెనిసెరోస్ ఆజ్ఞతో వేసిన వెండి పెసో దీనికి మంచి ఉదాహరణ. దాని మీద "మువేరా హువెర్తా" అని ఉంటుంది. మన గోడల మీద, ఊరేగింపులలో "నశించాలి" అని రాసే, అరిచే నినాదం ఎలాంటిదో అది అచ్చంగా అలాంటిదే. చెలామణిలో ఉన్న డబ్బు మీద దేశాధినేత నశించాలని చెక్కించడం నాణేల చరిత్రలో చాలా అరుదు. ఆ నాణెం దగ్గర దొరికినవారిని చంపమని హువెర్తా ఆజ్ఞ ఇచ్చాడని సేకర్తలు కథగా చెప్పుకుంటారు. కథను పక్కన పెట్టినా, నినాదమే దాని కాలాన్ని చెబుతోంది. హువెర్తా గద్దె మీద లేని రోజున ఆ మాటకు పని లేదు కదా. విప్లవ నాణేలన్నిటిలోకీ పేరు పొందినది ఇదే కాబట్టి నకిలీలు కూడా దీనికే ఎక్కువ.

విల్లా మనుషులు 1913లో పర్రాల్ ఊరిలో వేసిన పెసోను సేకర్తలు "బొలీతా" అంటారు. దాని మీదున్న చిన్న గుండు గుర్తును బట్టి ఆ పేరు వచ్చింది. చివావా రాష్ట్రంలో 1914, 1915 సంవత్సరాలలో "ఎహెర్సితో కొన్స్తితుసియొనలిస్తా", అంటే రాజ్యాంగ పక్షపు సేన అన్న పేరుతో వచ్చిన 5, 10 సెంతావోల చిల్లర నాణేలు విరివిగా దొరుకుతాయి. సెంతావో అంటే పెసోలో నూరో వంతు. మొదటి నాణెంగా వీటిలో ఒక రాగి 5 సెంతావోను కొనమని నేను అందరికీ చెబుతాను. ధర తక్కువ కాబట్టి నకిలీ చేసేవారికి వాటి మీద ఆశ తక్కువ. అచ్చుల మధ్య చిన్న చిన్న తేడాలు బోలెడన్ని ఉంటాయి కాబట్టి చూపు అలవాటు కావడానికి అంతకన్నా మంచి బడి లేదు. దురాంగో రాష్ట్రపు 1914 నాటి చిల్లర ఇత్తడి, రాగి, సీసం ఇలా రకరకాల లోహాలలో ఉంటుంది. మెక్సికో రాష్ట్రంలోని తొలూకా పట్టణం 1915లో అట్టముక్కతోనే 5 సెంతావోను చేసింది. లోహం దొరకని పరిస్థితి ఎంతవరకు వెళ్లిందో ఆ అట్ట నాణేన్ని చూస్తే అర్థమవుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి జపాటా మనుషులు గెర్రెరో రాష్ట్రంలో వేసినవి. ఆ కొండల్లో తాస్కో, కంపో మొరాదో వంటి వెండి గనులున్న ఊళ్లు వారి చేతికి వచ్చాయి. అక్కడి ఖనిజంలో వెండితో పాటు కొంత బంగారం కూడా ఉంటుంది. వెండిలో నుంచి బంగారాన్ని విడదీసే తీరిక, వసతి ఆ యుద్ధంలో లేక, అది అలాగే నాణెంలోకి వచ్చింది. అందుకని నాణెం మీద "ఓరో", అంటే బంగారం అని రాసి, ఎంత పాలు ఉందో దశాంశ సంఖ్యతో చెక్కారు. రెండు పెసోల నాణెం మీద కొండల పైన కిరణాలతో సూర్యుడు ఉంటాడు, చుట్టూ సంస్కరణ, స్వేచ్ఛ, న్యాయం, చట్టం అనే నాలుగు మాటలు ఉంటాయి. భూమి కోసం పోరాడిన రైతుల సేన తన గని నుంచి తన మాటలతో వేసిన డబ్బు అది. చేతితో చెక్కిన ఆ అక్షరాలు ఒక్కో అచ్చులో ఒక్కో తీరుగా వంగి ఉంటాయి. ఆ వంకరలలోనే నాకు ఆ కాలం కనిపిస్తుంది.

ఇక వాహాకా రాష్ట్రం 1915 జూన్‌లో తాను స్వతంత్రంగా ఉంటానని ప్రకటించి, "మొనేదా ప్రొవిసియొనల్", అంటే తాత్కాలిక నాణెం అని స్పష్టంగా రాసి మరీ వేసింది. మొదటి చిల్లర నాణేలు దీర్ఘచతురస్రాకారంలో ఉన్న రాగి బిళ్లలు. తర్వాతి వాటి మీద ఆ రాష్ట్రంలోనే పుట్టి దేశాధ్యక్షుడైన బెనీతో హువారెజ్ ముఖచిత్రం ఉంటుంది. 1916లో 60 పెసోల బంగారు నాణెం కూడా వచ్చింది. ఆ ఏడాది మార్చిలో వాహాకా నగరం కర్రాంజా సేన వశమైంది. ఒక్క వాహాకా నాణేలలోని అచ్చు భేదాలను సేకరించడానికే ఒక జీవితం చాలదు.

బొమ్మా బొరుసూ చదవడం

స్పానిష్ నేర్చుకోనక్కరలేదు గాని, పది పదిహేను మాటలను నాణెం మీద చూడగానే గుర్తుపట్టాలి. "ఎస్తాదో" అంటే రాష్ట్రం, "లిబ్రె ఇ సొబెరానో" అంటే స్వేచ్ఛగా సర్వాధికారంతో ఉన్నది, "ఫువెర్సాస్" అంటే బలగాలు. రాష్ట్రాల పేర్లను కుదించి రాయడం కూడా ఉంది. కాగితం మీద నాణెమంత వృత్తం గీసి, బొమ్మ వైపున్న ప్రతి అక్షరాన్ని, ప్రతి చుక్కను, అక్షరాల మధ్య ఖాళీని ఉన్నది ఉన్నట్టు గీయండి, తర్వాత బొరుసు వైపు గీయండి. ఫోటో తీస్తే కన్ను చూసినట్టు అనిపిస్తుంది గాని, చేతితో గీసినప్పుడే ఐదు అంకె తోక ఎటు తిరిగిందో పట్టుబడుతుంది. అలా గీసిన దాన్ని కేటలాగుతో పోల్చాలి. అమ్మకందారులు జీబీ అని రాసే సంఖ్య 1976లో గత్రీ, బోథమ్లే అనే ఇద్దరు వేసిన కేటలాగులోనిది. కేఎం అని రాసేది క్రౌజ్, మిష్లర్‌ల ప్రపంచ నాణేల కేటలాగు సంఖ్య. ఈ రెండు సంఖ్యలలో ఏదీ చెప్పలేని అమ్మకందారుడికి తాను అమ్ముతున్నది ఏమిటో తెలియదని అనుకోవచ్చు.

నీటిలో తూచడం

ఆచారి పెద్దాయన చూపించిన పద్ధతి ఇది. ముందు నాణేన్ని పొడిగా తూచి రాసుకోవాలి. తర్వాత కాటా మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. నాణేనికి సన్నని నూలు దారం కట్టి, గ్లాసు అడుగును, గోడలను తాకకుండా పూర్తిగా మునిగేటట్టు చేతితో వేలాడదీయాలి. అప్పుడు కాటా చూపించే అంకె ఆ నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పొడి బరువును ఈ అంకెతో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. నాణేనికి గాలి బుడగలు అంటుకుంటే లెక్క తప్పుతుంది కాబట్టి మెల్లగా ఒకసారి ఊపి, ప్రతి నాణేన్నీ మూడుసార్లు తూచి సగటు తీసుకోవాలి. మన బోరునీళ్లలో ఉప్పు ఉంటుంది కనుక బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడాలి. నెల్లూరు ఎండాకాలంలో నీళ్లు వెచ్చగా ఉన్నా తేడా నూటికి ఒకటి కూడా రాదు.

విదేశీ నాణెం మీద కాకుండా ఇంట్లో ఉన్న జార్జి రూపాయి మీద ఈ విద్యను అభ్యాసం చేయడం మంచిది. 1940కి ముందు వచ్చిన జార్జి రూపాయి బరువు 11.66 గ్రాములు. పెద్దవాళ్లు దాన్ని తులం రూపాయి అనడం అందుకే. దానిలో పన్నెండు పాళ్లలో పదకొండు వెండి. అది నీటిలో సుమారు 1.13 గ్రాములు చూపిస్తుంది, అంటే సాంద్రత 10.3కు కొంచెం పైన. 1940 నుంచి 1945 వరకు వచ్చిన రూపాయిలో వెండి సగమే కాబట్టి అదే బరువుకు 1.2 దాటుతుంది. ఈ రెండు రూపాయిల మధ్య తేడాను మీ కాటా స్పష్టంగా చూపిస్తే, ఇక మెక్సికో నాణెం మీదకు వెళ్లవచ్చు.

మెక్సికో ప్రభుత్వం 1910 నుంచి 1914 వరకు వేసిన "కబయీతో" అనే గుర్రపు బొమ్మ పెసో 27.07 గ్రాములు ఉంటుంది, వెయ్యికి 903 పాళ్లు వెండి. అది నీటిలో దాదాపు 2.62 చూపించాలి. అదే బరువులో జర్మన్ సిల్వర్‌తో చేసినది 3.1 చుట్టుపక్కల చూపిస్తుంది. నా మొదటి నాణెం గుట్టు ఆ అంకెతోనే బయటపడింది. విప్లవ నాణేలకు మాత్రం ఒక హెచ్చరిక ఉంది. వాటి బరువు, వెండి పాలు ఒక నాణేనికీ ఇంకొక నాణేనికీ మధ్య మారుతూ ఉంటాయి. కాబట్టి కేటలాగులో ఉన్న అంకెకు అరగ్రాము తక్కువైందని అసలు నాణేన్ని నకిలీగా కొట్టిపారేయకూడదు. వెండి అని చెప్పిన నాణెం సాంద్రత 9 లోపు వస్తే దాన్ని తిరిగి ఇచ్చేయవచ్చు. 10కి పైన వస్తే పరీక్ష ముగిసినట్టు కాదు, లోహం విషయంలో అనుమానం తగ్గినట్టు మాత్రమే.

నకిలీలను ఎలా పట్టుకోవాలి

మొరటుతనమే ఈ నాణేలకు సహజ లక్షణం. అదే నకిలీ చేసేవారికి ఆసరా. మామూలు నాణేలలో అక్షరం వంకరగా ఉన్నా, అంచు ఎగుడుదిగుడుగా ఉన్నా అనుమానించాలి. ఇక్కడ ఆ కొలబద్ద పనికిరాదు. సినాలోవా రాష్ట్రంలో చెలామణి నాణేన్నే ఇసుకలో అదిమి, ఆ గుంటలో వెండి పోసి పెసోలు తీశారు. అంటే అసలు నాణెమే పోత నాణెం. అచ్చుతో కొట్టిన నాణేల మీద ఇసుక గుంటలు, అంచు మీద అతుకు గీత కనిపిస్తే అది నకిలీ. సినాలోవా నాణెం మీద అవే గుర్తులు ఉండి తీరాలి. అందుకే "పోత కనిపిస్తే దొంగ నాణెం" అన్న సాధారణ సూత్రాన్ని ఇక్కడ రాష్ట్రం తెలియకుండా వాడకూడదు.

అచ్చుతో కొట్టిన వాటి మీద పదింతలు పెద్దది చేసే భూతద్దంతో అక్షరాల పాదాలను చూడండి. లోహం అచ్చు దెబ్బకు పాకినప్పుడు అక్షరం అంచు పదునుగా, దాని చుట్టూ నేల బిగుతుగా ఉంటుంది. పోతలో అక్షరం నేలలోకి కరిగిపోయినట్టు, వెన్న మీద గీసినట్టు ఉంటుంది. రెండు నాణేలకు ఒకే చోట ఒకే గీత, ఒకే దెబ్బ ఉంటే, అవి ఒకే నమూనా నుంచి తీసిన నకళ్లని అర్థం. అమెరికాలో 1973 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం నకలు నాణెం మీద నకలు అని అచ్చు వేయాలి. ఆ మాటను అరగదీసి అమ్మేవారు ఉంటారు కాబట్టి నేల మీద ఏదైనా చోట అరగదీత గుర్తు ఉందేమో వెలుతురును పక్క నుంచి పడేటట్టు పెట్టి వెతకాలి. "మువేరా హువెర్తా" పెసోను మాత్రం ఎంత అనుభవం వచ్చినా నాణేలను పరిశీలించి ధ్రువీకరించే అమెరికా సంస్థలైన ఎన్‌జీసీ గాని, పీసీజీఎస్ గాని చూసి పెట్టెలో మూసిన దానినే కొనండి. పెట్టె మీది సంఖ్యను వారి వెబ్‌సైటులో కూడా సరిచూసుకోవాలి.

కొనడం, చట్టం

నెల్లూరు, ఒంగోలు, కావలి, కందుకూరులలో పాత సామాన్ల దుకాణాలలో ఈ నాణేలు దొరకవు. జార్జి రూపాయలు, చిల్లు కాణీలు దొరుకుతాయి, అభ్యాసానికి అవి చాలు. చెన్నై మనకు దగ్గర కాబట్టి ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో నాణేలను చూడవచ్చు, మద్రాసు కాయిన్ సొసైటీ వంటి సంఘాల సభ్యులను కలవవచ్చు, నాణేల ప్రదర్శనలకు వెళ్లవచ్చు. అయినా మెక్సికో నాణెం ఎక్కువగా విదేశీ వేలంపాటలలోనే దొరుకుతుంది. నచ్చకపోతే తిరిగి తీసుకుంటామన్న హామీ రాతలో ఉన్న అమ్మకందారు దగ్గరే కొనండి. తపాలాలో వచ్చే పొట్లాన్ని కస్టమ్స్ వారు పరిశీలించి సుంకం వేస్తారు. ఆ లెక్కలు మారుతుంటాయి కనుక డబ్బు కట్టకముందే కనుక్కోవాలి. పొట్లం మీద అసలు ధర, అసలు వివరం రాయమని అమ్మకందారుకు చెప్పాలి. సుంకం తప్పించుకోవడానికి బహుమతి అని రాయించుకుంటే, పొట్లం పోయిన రోజున అడగడానికి నోరుండదు.

ఇంకొక మాటను చాలామంది పట్టించుకోరు. 1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం నూరేళ్లు నిండిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది. 1915 నాటి నాణేనికి నూరేళ్లు దాటాయి. ప్రభుత్వం గాని, అది అధికారమిచ్చిన సంస్థ గాని తప్ప ఇతరులు పురావస్తువులను దేశం దాటించకూడదు. కాబట్టి ఇక్కడికి తెచ్చుకున్నాక మళ్లీ విదేశాలకు అమ్ముదామన్న ఆశ పెట్టుకోవద్దు. పొలంలో గాని, పునాదిలో గాని దొరికిన నిధిని కొనవద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు కలెక్టరుకు తెలియజేయాలి.

ఉప్పుగాలిలో భద్రపరచడం

సముద్రం పక్కన ఉండే మన ఊళ్లలో నాణేనికి శత్రువు తేమ. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే వానల్లో, తుపానుల్లో రాగి నాణెం మీద లేత ఆకుపచ్చని పొడి లేస్తే, అది మామూలు చిలుము కాదు. గాలిలోని ఉప్పు లోహాన్ని తినడం మొదలుపెట్టిందని అర్థం. ఆ నాణేన్ని వెంటనే మిగిలిన వాటి నుంచి వేరుచేసి పొడి డబ్బాలో పెట్టాలి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారగానే వాటిని ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు. కనిగిరి, మార్కాపురం వైపు పొడి ప్రాంతాలలో ఉండేవారికి ఈ బెడద కొంత తక్కువ.

ఘాటు వాసన వచ్చే మెత్తని ప్లాస్టిక్ కవర్లలో నాణేలను పెట్టకూడదు. ఆ ప్లాస్టిక్ కొన్నేళ్లకు జిగురు వదిలి, నాణేన్ని పచ్చగా చేస్తుంది. మైలార్ అనే పలచని పారదర్శక పొర కిటికీగా ఉన్న అట్ట పట్టీలు వాడాలి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు వెండిని నల్లబరుస్తాయి. దురాంగో సీసపు నాణేలను ఎంత అందమైనదైనా చెక్కపెట్టెలో పెట్టవద్దు. చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారిపోతుంది. బీరువాలో బట్టల మధ్య వేసే కలరా ఉండలను కూడా నాణేల దగ్గర ఉంచకూడదు.

చింతపండుతో రుద్దడం, విభూతితో తోమడం, పీతాంబరి పొడి వేయడం వంటివి ఒక్కసారి చేసినా చాలు, నాణెం పాడైనట్టే. పూజ సామాన్లకు పనికొచ్చే మెరుపు నాణేనికి పనికిరాదు. వెండి మీద వందేళ్లుగా పట్టిన బూడిదరంగు పొర ఆ నాణెం అసలుదని చెప్పే సాక్ష్యాలలో ఒకటి. ప్లాస్టిక్ జిగురు అంటుకున్నప్పుడు మాత్రం స్వచ్ఛమైన అసిటోన్‌లో కొన్ని నిమిషాలు ముంచి, రుద్దకుండా ఆరనివ్వవచ్చు. పొయ్యికి దూరంగా, కిటికీలు తెరిచి చేయాలి. గోళ్ల రంగు తీసే ద్రావణంలో ఇతర పదార్థాలు కలుస్తాయి కాబట్టి అది వాడకూడదు.

పద్దు పుస్తకం

ప్రతి నాణేనికి ఒక పేజీ కేటాయించి, కొన్న తేదీ, ఎవరి దగ్గర, ఎంతకు, పొడి బరువు, నీటిలో చూపిన అంకె, కేటలాగు సంఖ్య, చేతితో గీసిన బొమ్మ, వాటికి తోడు ఆ నాణేన్ని ఏ సేన ఎక్కడ వేసిందో రెండు వాక్యాలు రాయాలి. ఇది తెలుగులోనే రాయమని నేను పట్టుబడతాను, ఎందుకంటే మన తర్వాత ఆ పెట్టె తెరిచేది మన ఇంట్లోవాళ్లు.

1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుండగా నాగలి ఇటుకల కట్టడానికి తగిలింది. పాడుబడిన చిన్న గుడి అడుగున ఉన్న కుండలో రెండో శతాబ్దపు రోమన్ బంగారు నాణేలు దొరికాయి. హేడ్రియన్ చక్రవర్తి, ఫాస్తీనా రాణి బొమ్మలున్నవి వాటిలో ఉన్నాయి. ఆయన వాటిని పాత బంగారంగానే అమ్ముకున్నాడు, చాలావరకు మూసలో కరిగిపోయాయి. ముప్పైకి కొంచెం పైగా మాత్రమే నవాబు కుటుంబీకుడైన అమీరుల్ ఉమరా చేతికి చేరి మిగిలాయి. ఆ రైతును తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ బంగారు బిళ్లల మీద ఉన్నదేమిటో ఆయనకు చెప్పినవారు లేరు. గెర్రెరో కొండల్లో జపాటా మనుషులు వేసిన వెండిబిళ్ల మా బీరువాలో ఉన్నప్పుడు, నేను ఊళ్లో లేని రోజున దాన్ని ఎవరైనా పాత వెండి కింద ఆచారి వీధికి పట్టుకెళ్లే అవకాశం ఉంది. అందుకే నా పద్దు పుస్తకాన్ని నాణేల డబ్బాలోనే పెడతాను. దాని మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో "వీటిని కరిగించవద్దు, తోమవద్దు" అని రాసి, కింద నాణేల సంఘంలో ఎవరిని అడగాలో, వారి ఫోను నంబరు ఏమిటో రాసి ఉంచాను.